కుడి జనరేటర్ నిలబడిన రోజు

ఇరవై ఎనిమిది వోల్టులు మనిషిని చంపవు. పరువు మాత్రం తీస్తాయి. రెండు ఇంజన్ల చిన్న విమానాల్లో కరెంటంతా ఆ ఇరవై ఎనిమిది వోల్టులే. వాటితో ముప్ఫై మూడేళ్ళు కాపురం చేసి, రిటైరై, మార్కాపురంలో ఫ్యాను రెగ్యులేటర్లు బాగుచేసుకుంటూ కాలక్షేపం చేస్తున్నవాణ్ణి నేను. మొన్న విమానాల మరమ్మతు కోర్సు చదువుతున్న ఒక అమ్మాయి ఫోన్ చేసి, మీ సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏది సార్ అని అడిగింది. ఒకసారి విమానానికి రంగు వేశాను తల్లీ అన్నాను. నవ్వింది. ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఈ పనిలోకి కొత్తగా వచ్చే మీ అందరి కోసం ఇక్కడ రాస్తున్నాను.

మా నాయన పలకల కార్ఖానాలో పనిచేసేవాడు. చట్రం బిగించిన పలకను ఎడమ అరచేతిలో పెట్టుకుని, కుడిచేతి మధ్యవేలితో తట్టి, చెవి ఒగ్గి వినడం ఆయన పని. టంగుమంటే ఒక పక్క, దబ్బుమంటే ఒక పక్క. కంటికి కనపడని పగులును ఆ వేలు పట్టేసేది. పిల్లలం మాకేమో చట్రాలకు ఉప్పు కాగితం రుద్దడం, రంగు అంటని చోట కుంచెతో ఒక దెబ్బ వెయ్యడం. పదేళ్ళు ఆ పని చేసిన చెయ్యికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎక్కడ రంగు లేని మచ్చ కనపడ్డా దురద పుడుతుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, దీనితో పని పడుతుంది.

నాకు విమానాల పిచ్చి ఎట్లా పట్టిందంటే, దొనకొండ వల్ల. అక్కడ తెల్లవాళ్ళ కాలంలో కట్టిన ఏరోడ్రమ్ ఉంది. విమానాలు మాత్రం లేవు, గొర్రెలు మేసేవి. మా జిల్లాకు విమానాలు ఎందుకు రావని చిన్నప్పుడు నాయనను అడిగితే, రిపేరు చేసేవాడు లేడేమో అన్నాడు. ఆయన ఎగతాళికి అన్నాడు. నేను నిజమనుకుని డిప్లొమా చదివి, హైదరాబాదులో ఎయిర్‌క్రాఫ్ట్ కోర్సు చేసి, ఎలక్ట్రికల్ లైసెన్సు తెచ్చుకున్నాను.

ఇక అసలు కథ. నేను పనిచేసే కంపెనీకి ఆ సంవత్సరం మేఘమథనం పని వచ్చింది. విమానం మబ్బులోకి దూరి, రెక్కలకు కట్టిన మందు గొట్టాలను కాలిస్తే వాన పడుతుందని ప్రభుత్వం వారి ఆశ. కురవాల్సిన చోటు ఎక్కడో కాదు, మా పడమటి మండలాలే. మార్కాపురం, త్రిపురాంతకం, కంభం, గిద్దలూరు. విమానాన్ని మా ఊరికి మూడున్నర గంటల బస్సు దూరంలో, ఒక చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో పెట్టారు. ఆ జట్టులో కరెంటు పని నాది. నా సొంత నేల మీద వాన పడటానికి నేను మరమ్మతు చేసిన విమానం పోతుందంటే, ఆ గర్వం నాకు చొక్కా గుండీలు పట్టనిచ్చేది కాదు.

జట్టులో నాతో కలిపి నలుగురం. మా చీఫ్ ఇంజనీరు విశాఖపట్నం మనిషి, ఎయిర్‌ఫోర్సులో చేసి వచ్చినవాడు. తక్కువ మాట్లాడేవాడు, ఆ తక్కువలోనే మనిషిని కడిగేసేవాడు. ఇంజన్ మెకానిక్ గిద్దలూరు అతను, నాకంటే నాలుగేళ్ళు చిన్న, నన్ను అన్నా అనేవాడు. కెప్టెన్ బందరు వైపు ఆయన. ఎప్పుడూ నున్నగా గీసిన గడ్డం, మడత నలగని చొక్కా. తన వల్ల ఒక పొరపాటు జరిగిందని ఆయన ఒప్పుకోగా విన్నవాడు మాలో ఎవడూ లేడు.

మా హ్యాంగర్‌లో ఒక ఆచారం ఉండేది. దాన్ని పెట్టింది నేనే. విమానానికి వర్క్ కార్డులు, లాగ్‌బుక్కులు, సంతకాలు ఎటూ ఉంటాయి. అయితే చిన్న చిన్నవి కాగితం మీదికి ఎక్కవు. చెయ్యి దూరడం కోసం విప్పిన క్లిప్పు, పక్కకు జరిపిన వైరు, సగం బిగించి టీకి పోయిన బోల్టు. అందుకని మార్కాపురం నుంచి పెద్ద పలక ఒకటి తెచ్చి, విమానం ముక్కు ముందు స్టాండుకు తగిలించాను, విమానం ఎక్కడికి పోతే అదీ అక్కడికే. ఎవడు దేన్ని కదిపినా దాని మీద బలపంతో రాయాలి. రాసినవాడే ఆ పని ముగించి తడిగుడ్డతో తుడవాలి. పలక నల్లగా అయ్యేదాకా విమానం బయటికి కదలకూడదు. మొదట్లో అందరూ దాన్ని మార్కాపురం కంప్యూటర్ అని ఎగతాళి చేశారు. ఆరు నెలల్లో చీఫ్ కూడా పొద్దున రాగానే విమానం కంటే ముందు పలకనే చూసేవాడు. పలక పెట్టినవాణ్ణి కాబట్టి నా మీద నాకు గౌరవం ఎక్కువ. ఎవరైనా రాయడం మరిచిపోతే పెద్ద ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి.

ఆగస్టు నెలాఖరు. కంది చేలు మోకాలి ఎత్తు లేచి, వాన కోసం తలలు వాల్చాయి. రోజూ మధ్యాహ్నం రెండు దాటాక నల్లమల వైపు నుంచి మబ్బులు వచ్చేవి. మొదటి రోజు విమానం లేచింది. ఇరవై రెండు నిమిషాలకు కెప్టెన్ రేడియోలో చెప్పాడు, కుడి జనరేటర్ పోయిందని, వెనక్కి వస్తున్నానని.

ఇక్కడ ఒక్క ముక్క పని సంగతి చెప్పాలి. ఇంజనుకొక జనరేటర్ ఉంటుంది. కాడికి కట్టిన రెండెద్దుల్లాగా రెండూ కలిసి బరువు లాగాలి. ఏది ఎంత లాగాలో చెప్పేది రెగ్యులేటర్ అనే డబ్బా, అదీ రెండు. ఒక జనరేటర్ మోతాదు మించి వోల్టేజీ ఇస్తే, కాపలాకు పెట్టిన రిలే దాన్ని లైన్లో నుంచి తప్పిస్తుంది. రెండోది ఒక్కటే విమానాన్ని ఇంటికి తేగలదు. కానీ ఒకే జనరేటర్‌తో మబ్బులోకి పోకూడదు, అది రూలు. మేఘమథనానికి వచ్చిన విమానం మబ్బులోకి పోకూడదంటే, ఇక దానికి పనేముంది?

నేల మీద ఇంజన్లు నడిపి చూస్తే అంతా బాగానే ఉంది. కుడి రెగ్యులేటర్ మార్చాను. మర్నాడు ఇరవై మూడో నిమిషానికి మళ్ళీ వెనక్కి. జనరేటర్‌నే మార్చాం. ఇరవై ఒకటి. రిలే మార్చాను, వైర్లన్నీ చివరి నుంచి చివరికి కొలిచాను, వైర్లు విమానం ఒంటికి కలిసే ఎర్త్ పాయింట్లు మీటరుతో చూశాను. విమానం చల్లగా ఉన్నంతసేపు నా మీటరు ఏ తప్పూ చూపలేదు. మళ్ళీ వెనక్కి. గిద్దలూరు అతను నా భుజం మీద చెయ్యి వేసి, అన్నా, మీ కరెంటు మా ఇంజన్‌కు చెడ్డపేరు తెస్తాంది అన్నాడు. కెప్టెన్ నేను వినేటట్టే, రోజూ ఇరవై నిమిషాలు ఆకాశం చూపించి తెస్తున్నాను దీన్ని, పెళ్ళిచూపులకు తీసుకెళ్ళినట్టుంది అన్నాడు. ఎనిమిది రోజులు పోయాయి. మాకిచ్చిన గడువు పదిహేను రోజులు. ఆ తర్వాత విమానం వేరే రాష్ట్రానికి పోవాలి.

తొమ్మిదో రోజు ఎక్కడికీ లేవలేదు. ఇంకో కొత్త రెగ్యులేటర్ మర్నాటికి గానీ రాదు. చీఫ్ నన్ను పిలిచి, నీ మొహం చూస్తే విమానం కూడా దడుచుకునేటట్టుంది, ఇంటికి పోయి స్నానం చేసి రేపొద్దున్నే రా అన్నాడు. గిద్దలూరు, కంభం మీదుగా బస్సులో వచ్చేటప్పుడు కిటికీ పక్కన సీటు దొరికింది. బయటికి చూడలేకపోయాను. చూస్తే చేలు కనపడతాయి.

ఇంట్లో మా బావ ఉన్నాడు. మా అక్క భర్త, త్రిపురాంతకం పక్కన అయిదెకరాల కంది, కొన్ని గొర్రెలు. నేను వస్తున్నానని తెలిసి పని కట్టుకుని బస్సెక్కి వచ్చాడు. నన్ను ఏమీ అనడని నాకు తెలుసు, అదే ఎక్కువ బాధ. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు.

"పత్రికలో ఏసినారు, మనోడి ఇమానం మన మింద తిరుగుతాదని. రోజూ పగటేల చేలో నిలబడి చెవి ఒగ్గి ఇంటాన్నా. మబ్బు వస్తాంది. మోత రావడంలా."

ఇంకో వారం ఆగుతుందా బావా అని పైరు సంగతి అడిగాను. వారం ఆగదు, మూడు నాలుగు రోజులు అన్నాడు. ఒక చిన్న పార్టు రావాలి అన్నాను. ఇన్నేళ్ళు చదివి, తిరిగి, లైసెన్సు తెచ్చుకున్నవాడు తన వాళ్ళతో చెప్పగలిగిన మాట అది.

ఇంట్లో కూర్చోలేక కార్ఖానాకు పోయాను. నాయనకు అప్పటికి డెబ్బై దాటాయి, పనిలో లేడు. కానీ యజమాని ఇంకా తట్టి చూడటానికి ఆయన్నే పిలిపించేవాడు. పలకలు పోయి టైల్స్ వచ్చినా, ఒక పక్క చట్రాల పలకలు కొంత నడుస్తూనే ఉన్నాయి. ఆయన చుట్టూ పలకల దొంతరలు. నేను పోయి పక్కన కూర్చున్నాను. ఆయన పలకరించలేదు, పని మీద ఉంటే అంతే. ఒక పలకను తట్టి, మొహం చిట్లించి, మళ్ళీ తట్టాడు. తర్వాత చట్రం మూల పట్టుకుని కొంచెం తిప్పాడు. మూల ఊడి చేతికి వచ్చింది. చూడటానికి నిగనిగలాడే కొత్త చట్రం అది.

పలక పగిలిందా నాయనా అన్నాను.

"పలకకేం, రాయి అట్లనే ఉంది. ఈ మూల జూడు. ఎవరో తొందరగాడు చెక్కకు ముందు రంగేసినాడు, ఆమీద జిగురు పూసి మూల కలిపినాడు. జిగురు రంగును పట్టుకుంది గాని చెక్కను పట్టుకోలా. నీడలో పెడితే బాగనే ఉంటాది. ఎండ తగిల్నాక ఊడతాది."

ఆ మాట విన్నాక ఊడిన ఆ మూలను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తున్నాను. నాయన ఇంకో రెండు పలకలు తట్టి, ఏందిరా, ఒంట్లో బాగలేదా అని అడిగాడు. ఒంట్లో బాగానే ఉంది. నాకు ఒక పసుపుపచ్చ ప్రైమరు రంగు డబ్బా, ఒక సన్న కుంచె గుర్తొచ్చాయి.

రెండు నెలల కింద విమానాన్ని ఈ పనికి సిద్ధం చేసేటప్పుడు లోపలి భాగాలకు కొత్తగా రంగు వేయించాం. పెయింటర్లు పోయాక మర్నాడు ఉదయం నేను చుట్టూ తిరిగి చూశాను. అప్పటికి వైర్లన్నీ విప్పి పక్కకు కట్టి ఉన్నాయి. కుడి ఇంజన్ గూడు లోపల రూపాయి బిళ్ళంత చోట రంగు పడలేదు. లోహం తెల్లగా మెరుస్తోంది. పెయింటరు వదిలేశాడనుకున్నాను. నా చెయ్యికి దురద పుట్టింది. పక్కనే డబ్బా ఉంది, కుంచె ఉంది. ఒక దెబ్బ వేశాను. పదేళ్ళ వయసులో చట్రాలకు ఎట్లా వేసేవాణ్ణో అట్లాగే. తర్వాత ఆ చోట రెగ్యులేటర్ ఎర్త్ వైరు వచ్చి కూర్చుంది. ఎర్త్ వైరు కింద రంగు ఉండకూడదు, ఉత్త లోహం మీదే కూర్చోవాలి. అది ఈ చదువులో మొదటి పాఠం. పెయింటరు వదిలెయ్యలేదు, పాఠం తెలిసి వదిలాడు. పాఠం తెలిసిన నేను దాన్ని కప్పేశాను.

చల్లగా ఉన్నప్పుడు బోల్టు మరలు లోహాన్ని కాస్త కరుచుకుని దారి ఇచ్చాయి. ఇంజను వేడెక్కి, ఇరవై నిమిషాలు అదిరాక ఆ దారి చెడింది. రెగ్యులేటర్ లెక్క తప్పి, జనరేటర్‌ను ఇంకా ఇంకా లాగమంది. రిలే తన పని తాను చేసింది. ఎనిమిది రోజులు అన్నీ సరిగ్గానే పనిచేశాయి, నేను తప్ప. ఇంకో సంగతి చూడండి. ఆ కుంచె దెబ్బను నేను పలక మీద రాయలేదు. అది పని అని నాకు తోచలేదు మరి.

మర్నాడు తెల్లవారుజామున మూడింటి మొదటి బస్సుకు బయల్దేరాను. దారి పొడవునా నా బుర్రలో ఒకటే ఆలోచన. హ్యాంగర్‌కు అందరికంటే అరగంట ముందు చేరతాను. బోల్టు విప్పి, రంగు గీకి, మళ్ళీ బిగించడానికి పది నిమిషాలు చాలు. కొత్త రెగ్యులేటర్ ఎటూ వస్తుంది. దాన్ని బిగించి, దీనితో కుదిరింది సార్ అంటే అందరూ నమ్ముతారు. నాకు చప్పట్లు కూడా కొడతారు. అబద్ధం ఆడాలని కాదు, నిజం చెప్పే అవసరం రాకపోతే బాగుండునని. మీలో ఎవరికైనా ఇట్లాంటి ఆలోచన వస్తే సిగ్గుపడకండి, అది అందరికీ వస్తుంది.

అనుకున్నట్టే ముందు చేరాను. కుడి ఇంజన్ మూత తీసి బోల్టు విప్పాను. వైరు కొసన ఉండే రింగు, అదే లగ్, దాని కింద పసుపుపచ్చ రంగు, దాని మధ్యలో చుట్ట కాల్చి ఆర్పినట్టు గోధుమరంగు మచ్చ. దొరికింది. ఎనిమిది రోజులుగా నన్ను ఏడిపించింది ఇంతే. సంతోషంతో ఉప్పు కాగితం చేతిలోకి తీసుకున్నాను, అల్యూమినియానికి వాడే సన్నరకం. రెండుసార్లు రుద్దాను కూడా. అప్పుడు ఆ రంగు వేసిన ఉదయం మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చింది. కుంచె చేతిలో ఉంది. నేను ఇక్కడ ఒక దెబ్బ వేసి, కుంచె కడిగి పెట్టేశానా? లేదు. డబ్బా పట్టుకుని విమానం చుట్టూ తిరిగాను. ఇంకెక్కడ వేశాను? రెండు చోట్లా, మూడు చోట్లా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ఎర్త్ పాయింట్లు పదకొండు. ఒక్కణ్ణే అన్నీ విప్పి చూడాలంటే రెండు రోజులు. మబ్బు మధ్యాహ్నం వస్తుంది. ఒక్కటి బాగుచేసి ఊరుకుంటే, మిగతాది ఏదో మబ్బు నడిమధ్యలో కెప్టెన్‌కు తెలుస్తుంది. చెయ్యి తుడుచుకుని, పలక దగ్గరికి పోయి, బలపం తీసి పెద్ద అక్షరాలతో రాశాను. కుడి ఇంజన్ గూడులో ఎర్త్ పాయింట్ మీద రంగు వేసింది నేను. ఇంకెన్ని చోట్ల వేశానో గుర్తు లేదు. కింద తేదీ, నా సంతకం.

చీఫ్ వచ్చాడు. అలవాటు ప్రకారం పలక చూశాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివాడు. ఈలోపు కెప్టెన్, గిద్దలూరు అతను వచ్చి వెనక నిలబడ్డారు. ముగ్గురూ చదువుతున్నారు. ముప్ఫై మూడేళ్ళలో అంత పొడుగు నిమిషం నేను చూడలేదు.

"ఎన్ని చోట్లో అసలు గుర్తు లేదా?" అన్నాడు చీఫ్.

"లేదు సార్."

"అయితే పదకొండూ విప్పాలి. టైము ఏడున్నర. మూడింటికి కెప్టెన్ గారికి బండి కావాలి." అని చేతి గుండీలు విప్పి, చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఇదే కాగితం మీద కూడా రాయి. సాయంత్రం రాద్దువు గానీ. ముందు ఆ ఉప్పు కాగితం ఇటివ్వు."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ కాగితం తర్వాత పై ఆఫీసుకు పోయింది, నాకు మెమో వచ్చింది, అది నా ఫైల్లో రిటైరయ్యేదాకా ఉంది. ఆ పొద్దున మాత్రం మెమో గురించి ఆలోచించే తీరిక ఎవరికీ లేదు. చీఫ్ ఎడమ ఇంజన్ పట్టాడు. గిద్దలూరు అతను తనది కాని పని, రెక్కల కింద వెల్లకిలా దూరాడు. కెప్టెన్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. కాసేపటికి ఆయన కూడా మడత నలగని చొక్కాతోనే టార్చిలైటు పట్టుకుని మా పక్కన వంగాడు. ఎవరు ఏ పాయింటు విప్పితే దాన్ని పలక మీద రాయడం, బిగించి కొలిచి తుడవడం. పలక నిండుతోంది, ఖాళీ అవుతోంది. నా వాక్యం మాత్రం పైన అట్లాగే ఉంది.

పది గంటలకు ఎడమ ఇంజన్ గూడులో ఇంకొకటి బయటపడింది. దాని మీద రంగు అంచుకే తగిలింది, అందుకే అది ఇన్నాళ్ళూ మమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు. పదకొండున్నరకు గిద్దలూరు అతను రెక్క కింద నుంచి నన్ను పిలిచాడు.

"అన్నా, ఒకసారి ఇట్ల రా. ఇది దేనిది?"

వంగి చూశాను. పిటో హీటరుది. విమానం ఎంత వేగంతో పోతోందో కొలిచే సన్న గొట్టం ఒకటి బయటికి పొడుచుకుని ఉంటుంది. పైన చలికి దాంట్లో మంచు పట్టకుండా ఒక హీటరు వెచ్చచేస్తుంది. ఆ హీటరు ఎర్త్ కింద నిండుగా, చక్కగా, నా కుంచె దెబ్బ. మబ్బులో ఆ గొట్టం మూసుకుపోతే పైలట్‌కు వేగం తప్పుగా కనపడుతుంది. ఎట్లా జరుగుతుందో మీ పుస్తకాల్లో ఉంటుంది, చదవండి. ఎనిమిది రోజులూ కుడి జనరేటర్ మొండికేసి విమానాన్ని మబ్బు దాకా పోనివ్వలేదు కాబట్టి కెప్టెన్ బతికి ఉన్నాడు. ఆయన కూడా వంగి చూశాడు. నా వైపు చూశాడు, టార్చిలైటు ఇంకొంచెం దగ్గరికి పెట్టాడు.

రెండూ పదికి ఆఖరి పాయింటు బిగించాం. పదకొండూ కొలిచాం. ఇంజన్లు నడిపి, మామూలుగా పది నిమిషాలకు ఆపేవాళ్ళం, ఆ రోజు ముప్ఫై నిమిషాలు ఉంచాం. కుడి జనరేటర్ నిలబడింది. మూడు గంటలకు పడమటి నుంచి మబ్బులు వచ్చాయని కబురు. అప్పుడు కెప్టెన్ అన్నాడు, పలక మీద రాసినాయన నా పక్కన కూర్చుంటేనే నేను ఎక్కుతాను అని. కోపమో, వేళాకోళమో తెలియలేదు. చీఫ్ నా వైపు చూసి, వెళ్ళు, రెండు మీటర్లు తప్ప ఇంకేం చూడకు అన్నాడు.

లేచాం. నా ముందు రెండు చిన్న మీటర్లు, ఎడమ జనరేటర్‌ది ఒకటి, కుడి జనరేటర్‌ది ఒకటి. రెండు ముళ్ళూ ఒకే అంకె మీద నిలబడి ఉన్నాయి. పదిహేను నిమిషాలు. ఇరవై. ఇరవై రెండో నిమిషంలో కెప్టెన్ గడియారం మీద వేలితో కొట్టి చూపించాడు. ముళ్ళు కదలలేదు. ఇరవై అయిదు. ముప్ఫై. అదిగో మీ కంభం చెరువు అన్నాడు ఆయన. నేను చూడలేదు. కాసేపటికి, కింద మార్కాపురం, మీ ఇల్లు ఎటువైపు అన్నాడు. ఆకాశం నుంచి మా ఊరు చూడాలన్నది నేను అయిదేళ్ళ వయసు నుంచి కన్న కల. తల తిప్పలేదు. ఆ రోజు నేను మా ఊరి మీదుగా పోయానని ఇప్పటికీ కెప్టెన్ మాట మీదే నమ్ముతున్నాను.

మబ్బులోకి దూరాం. విమానం ఎగిరెగిరి పడింది. నాకు వాంతి వచ్చింది, సంచిలో కక్కుకున్నాను, ముళ్ళను చూస్తూనే. పిటో హీటరు దీపం పచ్చగా వెలుగుతోంది. కెప్టెన్ మీట నొక్కాడు. కుడి రెక్క కింద మొదటి గొట్టం అంటుకుంది, తర్వాత ఎడమ రెక్క కింద. మొత్తం ఎనిమిది కాల్చాం. ఎనిమిదీ కాలాయి. రెండు జనరేటర్లూ ఆ బరువును సగం సగం మోశాయి. నాకు గట్టిగా అరవాలనిపించింది, వాంతి సంచి చేతిలో ఉండటం వల్ల ఊరుకున్నాను. అంత సంతోషం నాకు లైసెన్సు వచ్చిన రోజు కూడా లేదు.

దిగి, ఇంజన్లు ఆగి, నేను నేల మీద కాలు పెట్టేసరికి చీఫ్ ఫోన్ నా చేతికిచ్చాడు. మా బావ. చీఫ్ నంబరు ఎట్లా సంపాదించాడో తెలియదు.

"ఇనపడింది," అన్నాడు.

వాన పడిందా బావా అని అడిగాను.

"అది పడతాంది లే, నేను చేలోనే ఉన్నా, తడుస్తాన్నా. ముందు ఇది ఇను. రెండు ఇంజన్లూ ఇనపడినాయి."

ఫోన్లో వాన చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను ఏడ్చాను, దాచుకోవాల్సిన పనేమీ లేదు. ఆ వాన మా గొట్టాల వల్ల పడిందా, తనంతట తానే పడేదా అని మీలో చదువుకున్నవాళ్ళు అడుగుతారు. నాకు తెలియదు. మబ్బు సంతకం పెట్టి కురవదు. ఆ తర్వాత అయిదు రోజుల్లో ఆరుసార్లు లేచాం, ఒక్కసారి కూడా జనరేటర్ కోసం వెనక్కి రాలేదు. వాటిలో రెండుసార్లు చుక్క రాలలేదు. నేను జవాబు చెప్పగలిగింది రెండు ముళ్ళ గురించే.

ఫోన్ పెట్టాక చీఫ్ తడిగుడ్డ తెచ్చి ఇచ్చాడు. పని అయింది కదా, రాసినవాడే తుడవాలి, నువ్వు పెట్టిన రూలే అన్నాడు. పలక మీద నా వాక్యం ఒక్కటే మిగిలి ఉంది. తుడిచాను. నల్లగా, శుభ్రంగా అయింది. చెయ్యి అలవాటు ప్రకారం మధ్యవేలితో ఒకసారి తట్టాను. టంగుమంది.

మర్నాడు ఉదయం నేనే ముందు వచ్చాను అనుకున్నాను. పలక మీద అప్పటికే ఒక వరస రాసి ఉంది. నిన్న దిగేటప్పుడు ఎడమ చక్రం నేలకు గట్టిగా తగిలింది, తప్పు నాది, చూడగలరు. కింద కెప్టెన్ సంతకం. నిన్న ఆయన పక్కనే కూర్చున్న నాకు ఆ దెబ్బ తెలియలేదు, నేను ముళ్ళు చూస్తున్నాను. ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. చీఫ్ వచ్చి, కళ్ళజోడు తుడిచి, రెండుసార్లు చదివాడు. తర్వాత చొక్కా చేతులు మడిచాడు. జాకీలు పెట్టి, చక్రం విప్పి, గంటన్నర వెతికాం. ఏమీ కాలేదు. బిగించాక కెప్టెన్‌ను పిలిచి ఆయన చేతికే తడిగుడ్డ ఇచ్చాం.